గుండురాతి మీద వెయ్యి లీటర్లు

మా నాయనతో వాదించి గెలిచిన మనిషి మా ఊళ్లో లేడు. ఆయన తెలివితో గెలవడు, ఓపికతో గెలుస్తాడు. చెప్పిందే చెప్పి, చెప్పిందే చెప్పి, ఎదుటివాడు అలిసిపోయి ఇంటికి పోయేదాకా కదలడు. ఆ మొండితనం నాకూ వచ్చింది. దానికి తోడు నాకు ముక్కు మీద కోపం. అందుకే మేమిద్దరం ఒకచోట కూర్చుంటే అమ్మ చేటలో బియ్యం వేసుకుని వరండాలోకి లేచిపోతుంది.

నేను తిరుపతిలో ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. పీడనం పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. బలాన్ని వైశాల్యంతో భాగించు, పీడనం వస్తుంది. ద్రవమైతే లోతును, సాంద్రతను, గురుత్వ త్వరణాన్ని గుణించు. బోర్డు మీద రాస్తాను, పిల్లలు నోట్సులో రాసుకుంటారు, పరీక్షలో రాస్తారు, అందరం మరిచిపోతాం. ఈ పాఠంతో నిజంగా నాకు పని పడింది మాత్రం ఒక్కసారే. అప్పుడు నా ఎదురుగా ఉన్న విద్యార్థి మా నాయన.

నా పెళ్లిలో పసుపు కుంకుమ కింద నాయన నాకు మూడెకరాల మెరక పొలం రాసిచ్చాడు. మా ఊరు చిత్తూరు పోయే దారిలో, తిరుపతి నుంచి స్కూటరు మీద గంట దూరం. ఆ పొలాన్ని ఊళ్లో గుండ్ల చేను అంటారు. నిజంగానే అందులో మట్టి కంటే రాళ్లెక్కువ. కింద బోరు దగ్గర ఒక పెద్ద గుండురాయి ఉంది, రెండంతస్తుల ఇంటి ఎత్తు. అక్కడి నుంచి పొలం మెట్లు మెట్లుగా పైకి పోతుంది, మెట్టుకూ మెట్టుకూ నడుమ రాతిగట్టు. మొత్తం నాలుగు గట్లు. వాన పడిన ఏడు నాయన ఉలవలు చల్లేవాడు, పడని ఏడు అదీ లేదు. "ఆయప్ప కూతురికి గుండ్లు రాసిచ్చినాడు" అని ఊళ్లో నవ్వుకున్నారని నాకు తెలుసు. నవ్వినవాళ్ల పేర్లు కూడా తెలుసు.

ఆ నవ్వు నా కడుపులో పదిహేనేళ్లు ఉండిపోయింది. చివరికి ఒక శ్రావణంలో మూడు వందల బేనీషా మామిడి అంట్లు తెచ్చి నాటించాను. సబ్సిడీ డ్రిప్పు వేయించాను. వానాకాలం, చలికాలం బాగానే గడిచాయి. మార్చి వచ్చింది. ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నం బడి వదలగానే స్కూటరు తీసి చేనుకు పోయేదాన్ని.

అలా పోయిన రెండో రోజు చేనంతా తిరిగి చూశాను. కింది మెట్టులో మొక్కలు కళకళలాడుతున్నాయి. రెండో మెట్టులో పరవాలేదు. పై మెట్టుకు వెళ్లేసరికి ఆకులు ముడుచుకుని, కొసలు మాడి, చేత్తో తాకితే గలగలమంటున్నాయి. డ్రిప్పు గొట్టం చివర చూశాను. చుక్క లేదు. కింద మట్టి తెల్లగా బీటలు వారి ఉంది. ఇంకో రెండు వారాలు ఇలాగే ఎండ కాస్తే సగం తోట పోతుంది. మిగతా సగం ఏప్రిల్‌లో పోతుంది. ఊళ్లో వాళ్లు ఈసారి నవ్వడానికి చాటుకు కూడా పోరు.

అసలు సంగతి ఇది. మా బోరులో నీళ్లు తక్కువ. మోటారు వేస్తే కొంతసేపు పోసి ఆగిపోతుంది, మళ్లీ ఊరేదాకా ఆగాలి. అందుకని నాయన బోరు పక్కన ఒక తొట్టి కట్టించి, మోటారు నీళ్లు అందులోకి వదిలి, తొట్టి నుంచి డ్రిప్పుకు గొట్టం వేయించాడు. తొట్టి గోడలు నాలుగడుగుల ఎత్తు. నీళ్లు పైకి పోవడం లేదని నేను ఫోనులో చెప్పి, పరీక్షల పనిలో పడి వారం దాకా మళ్లీ పోలేకపోయాను. ఈలోగా ఆయన ఊరుకోలేదు. మేస్త్రిని పిలిపించి తొట్టిని రెండింతలు వెడల్పు చేయించాడు. అప్పుడూ పోలేదు. పక్కన ఇంకో తొట్టి కట్టించి రెండింటినీ కలిపించాడు. నేను వెళ్లేసరికి అది పెళ్లి పందిరంత అయింది. ఎత్తు మాత్రం ఆ నాలుగడుగులే.

"నీళ్లు సాల్లేదు పాపా. తోసేదానికి బరువుండల్ల," అన్నాడు నాయన, తువ్వాలు నెత్తికి చుట్టుకుంటూ. "ఇంకో తొట్టి కట్టిస్తే సరిపోతాది."

"నాయనా, నువ్వు తిరుపతి అంత తొట్టి కట్టించినా పైకి పోదు."

"యాల పోదు? మన సెరువు సూడు. సెరువు నిండితే తూములో నీళ్లు ఎట్ల తన్నుకొస్తాయి? అన్ని నీళ్లుండాయి గనకే గదా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ ఆ మాటలో తప్పెక్కడుందో కూడా అర్థమైంది. ఆయన చూసింది నిజమే. చెరువు నిండితే తూము ఉరకలేస్తుంది. నిండినప్పుడు చెరువు వెడల్పూ పెరుగుతుంది, లోతూ పెరుగుతుంది. డెబ్బై ఏళ్లుగా ఆయన వెడల్పునే చూశాడు. పని చేసింది లోతు.

"ఎన్ని నీళ్లున్నాయని కాదు నాయనా, ఎంత ఎత్తున ఉన్నాయని. మీటరు ఎత్తుకు చదరపు సెంటీమీటరు మీద వంద గ్రాముల ఒత్తిడి. బిందె అయినా అంతే, సముద్రమైనా అంతే."

"సముద్రమూ బిందే ఒకటేనంట!" అని ఆయన మేస్త్రి వైపు తిరిగి నవ్వాడు. మేస్త్రి కూడా నవ్వాడు. మూడో తొట్టి పని అతనికే వస్తుంది మరి.

మేస్త్రి సంచిలో మట్టం చూసే ట్యూబు కనిపించింది. గోడలు కట్టేటప్పుడు రెండు మూలలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసుకునే పారదర్శక గొట్టం, లోపల నీళ్లు. ఆ ట్యూబును మా నాయన నమ్మినంతగా పంచాంగాన్ని కూడా నమ్మడు. మా ఇంటి పునాది దానితోనే చూశారు. నేను దాన్ని లాక్కుని ఒక కొస పెద్ద తొట్టి నీళ్లలో ముంచాను. రెండో కొస పట్టుకుని పొలంలో పైకి నడిచాను. రెండో మెట్టుకు చేరేసరికి ట్యూబులో నీళ్లు నా మోకాలి దగ్గర ఆగాయి. ఇంకో రెండడుగులు పైకి వేస్తే చీలమండకు దిగాయి. ఆ తరవాత ట్యూబు ఖాళీ. తొట్టిలో నీటిమట్టం ఎంతో, అంతే.

తిరిగొచ్చి ఒక బకెట్టును తొట్టి పక్కన రాళ్ల మీద ఎత్తుగా పెట్టి, తొట్టి నీళ్ల మట్టానికి సరిగ్గా సమానంగా నీళ్లు పోసి, అదే ట్యూబు కొస అందులో ముంచాను. మళ్లీ పైకి నడిచాను. మోకాలి దగ్గర అదే చోట ఆగింది.

"చూడు. నీ పందిరంత తొట్టీ ఇక్కడికే తెచ్చింది, బకెట్టూ ఇక్కడికే తెచ్చింది."

నాయన ట్యూబును చూశాడు, బకెట్టును చూశాడు. బుర్ర గోక్కున్నాడు. మేస్త్రి నవ్వు ఆపేశాడు. కానీ ఆయన మా నాయన కదా, ఒప్పుకుంటే మా నాయన ఎలా అవుతాడు?

"అది మట్టం సూసే టూబు. సేనుకు నీళ్లు కట్టేది కాదు," అన్నాడు. "అయితే ఏం సేద్దామంటావు?"

"ఆ గుండురాతి మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెడదాం."

"వెయ్యి లీటర్లా! ఈడ ఇన్ని వేలుండి ఎక్కని నీళ్లు ఆ సెంబుడు నీళ్లతో ఎక్కుతాయా?"

"ఎక్కుతాయి. రోజుకు మూడుసార్లు నింపితే చెట్టుకు పది లీటర్లు."

ఆయన తువ్వాలు విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు. పందెం కాసేటప్పుడు అలా చేస్తాడు. "సరే మే. నీ సెంబుడు నీళ్లు కడా సెట్టుకు సేరితే, నేను నీ బడికొచ్చి పిల్లోళ్ల నడాన కూసోని నీ పాఠం యింటా. సేరకపోతే నా మాటిని మూడో తొట్టి కట్టించల్ల."

కడా చెట్టు అంటే పై మెట్టులో చివరి వరుసలో చివరి మొక్క. అప్పటికే దానికి మిగిలింది నాలుగు ఆకులు.

ఆ సాయంత్రం నేనూ మేస్త్రీ ఆ ట్యూబుతోనే గుండురాయి ఎత్తు కొలిచాం. చివరి మొక్క కంటే రాతి తల పదిహేను అడుగులు ఎత్తున ఉంది. నాలుగున్నర మీటర్లు. నాలుగున్నరను వెయ్యితో, తొమ్మిది పాయింట్ ఎనిమిదితో గుణిస్తే నలభై నాలుగు వేల వంద పాస్కల్‌లు. చదరపు సెంటీమీటరుకు నాలుగు వందల యాభై గ్రాములు. డ్రిప్పు చుక్కలు రాల్చడానికి అది చాలు. అటెండెన్సు రిజిస్టరు వెనక పేజీలో ఈ లెక్క వేసి, కింద రెండు గీతలు గీశాను. ఆ గీతలు కొంచెం గర్వంగానే గీశానని ఒప్పుకోవాలి.

ఆదివారం పొద్దున ట్యాంకును తాళ్లతో రాతి మీదికి లాగాం. ఖాళీ ట్యాంకు పెద్ద బరువు కాదు. రాతి తల చాపంత వెడల్పు ఉంది కానీ ఒక పక్కకు వాలు. ట్యాంకు ఒరగకుండా నేను మూడు రాళ్లు ఏరి, పొయ్యి పెట్టినట్టు పేర్చి, వాటి మీద పెట్టించాను. చక్కగా నిలబడింది. మోటారు వేయమని కేక పెట్టబోతున్నాను.

"దింపు, దింపు!" కింద నుంచి నాయన అరిచాడు. ఆ వయసులో నిచ్చెనెక్కి పైకొచ్చేశాడు. "మూడు రాళ్ల మీద పెడతావా? నీళ్లు నిండితే ఆ రాళ్లు అడుగు సీల్చుకోని లోపలికొస్తాయి. వొడ్ల మూట మోసేటోడు నెత్తిన గుడ్డ సుట్టి సుమ్మ ఎందుకు పెట్టుకుంటాడు? సుట్టూ రాళ్లు కట్టి, నడాన ఇసక పోసి, దాని మీద పెట్టు. అడుగంతా ఆనల్ల."

నాకు తల కొట్టేసినట్లయింది. వెయ్యి లీటర్లంటే వెయ్యి కిలోలు. మూడు రాళ్ల తలలూ కలిపి మూడు అరచేతులంత. చదరపు సెంటీమీటరుకు మూడు కిలోల పైన పడుతుంది. అదే బరువు అడుగంతా పరుచుకుంటే వంద గ్రాముల చిల్లర. బలాన్ని వైశాల్యంతో భాగించడం ఏటా పిల్లలకు నేర్పే నేను మూడు రాళ్లు పేర్చాను, బడి గడప తొక్కని ఆయన సుమ్మ పేరు చెప్పి సరిచేశాడు. అన్నిటికంటే మంట పుట్టించింది ఏమిటంటే, ఆయన ఆ మాటను ఆ రోజు మధ్యాహ్నం లోపల ఆరుగురికి చెప్పాడు.

ఇసుక పోశాం. ట్యాంకు పెట్టి, డ్రిప్పు గొట్టాన్ని తొట్టి నుంచి విప్పి దానికి బిగించాం. మోటారు మూడు విడతలుగా వేస్తే మధ్యాహ్నం మూడు గంటలకు నిండింది. అప్పటికి గట్టు మీద చిన్న గుంపు చేరింది. అమ్మ కూడా చేట వదిలేసి వచ్చింది. నేను తొందరలో ఇంకో పని చేశాను. కింది మెట్లకు నీళ్లు పోతే పైకి రావడం ఆలస్యమవుతుందని, కింది వాల్వులన్నీ మూసేసి పై మెట్టుది ఒక్కటే తెరిచి ఉంచాను. అందరి కళ్ల ముందూ మొదటి చుక్క కడా చెట్టు దగ్గరే పడాలని నా ఆశ.

ట్యాంకు వాల్వు తిప్పాను. గొట్టంలో గుడగుడమని శబ్దం వచ్చింది, ఆగింది. అందరం పైకి నడిచి కడా చెట్టు చుట్టూ నిలబడ్డాం. ఒక నిమిషం. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. చుక్క లేదు.

"టీచరమ్మా, సిమెంటు రేపే తెప్పించేదా?" అన్నాడు మేస్త్రి.

ఎవరో కిసుక్కుమన్నారు. నాయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఆయన ఆ నాలుగు ఆకుల మొక్కనే చూస్తున్నాడు. గెలుస్తున్న పందెం ఆయన ముఖంలో ఎక్కడా లేదు. "ఏమైంది పాపా?" అన్నాడు, గొంతు తగ్గించి. ఆయనకూ ఈ తోట బతకాలనే ఉందని నాకు అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది, కోపమొస్తే బుర్ర పనిచేస్తుంది.

ట్యాంకు ఖాళీ కాలేదు. గొట్టం ఎక్కడా కారడం లేదు. మరి దారిలో ఎవరో అడ్డం కూర్చుని ఉండాలి. నేను గొట్టం వెంబడి కిందికి నడుస్తూ, పుచ్చకాయ కొట్టి చూసినట్టు వేలి కణుపులతో కొట్టి చూశాను. పల్లంలో టప్ టప్ అని బరువుగా పలికింది. గట్టు మీదికెక్కిన చోట టంగుమని డొల్లగా పలికింది. తరవాతి గట్టూ డొల్ల. ఆ తరవాతిదీ.

గాలి. గొట్టం గట్టెక్కి దిగిన ప్రతిచోటా గాలి చిక్కుకుపోయింది. సైకిలు పంపు మూతిని వేలితో మూసి నొక్కితే ఎలా ఎదురు తంతుందో అలా తంతూ కూర్చుంది. గట్టుకు ఇవతల నీళ్లు పైకెక్కాలి, అవతల దిగి సాయం చేయాల్సిన చోట గాలి ఉంది. అంటే గట్టు ఎంత ఎత్తో అంత ఒత్తిడి అక్కడ ఖర్చయిపోతుంది, తిరిగి రాదు. ఒక్కో గట్టు నాలుగడుగులు. నాలుగు గట్లు. పదహారు. నా దగ్గరున్నది పదిహేను. కింది వాల్వులు తెరిచి ఉంచితే చాలావరకు గాలి వాటిలోంచి పోయేది. గెలుపు చూపించాలన్న తొందరలో నేనే ఆ తలుపులు మూశాను.

"నాయనా, మేకు ఒకటి కాల్చి తే! తుమ్మముళ్లు నాలుగు కోయించు!"

ఎందుకని ఆయన అడగలేదు. జన్మలో మొదటిసారి ఆయన నన్ను ఎందుకని అడగకుండా పరుగెత్తాడు. చితుకులు రాజేసి, పట్టకారుతో మేకు పట్టుకుని వచ్చాడు. మొదటి గట్టు నెత్తిన గొట్టానికి మేకు గుచ్చాను. బుస్సుమని గాలి నా ముఖం మీదికి తన్నింది. అలా బుసకొట్టి, బుసకొట్టి, చివర్లో తుంపర్లు చిమ్మి, సన్నటి ధార లేచింది. ముల్లు పెట్టి బిగించాడు నాయన. రెండో గట్టు. మూడో గట్టు. నాలుగోది గుచ్చేసరికి నా జుట్టంతా తడిసిపోయింది. గుంపు మా వెనకే గట్టు గట్టుకూ నడిచొస్తోంది, ఉత్సవ విగ్రహం వెనక నడిచినట్టు.

నాలుగో ముల్లు బిగించగానే గొట్టం ఒకసారి ఒళ్లు విరుచుకుంది. నాయన నా కంటే ముందు కడా చెట్టు దగ్గరికి చేరి గొంతుకూర్చుని, డ్రిప్పు కింద అరచేయి పట్టాడు. నేను ఆయన ముఖం చూస్తూ నిలబడ్డాను.

"ఒకటి," అన్నాడు. కాసేపాగి, "రెండు." తరవాత లెక్కపెట్టడం మానేశాడు, ఎందుకంటే అవి లెక్కకు ఆగడం లేదు. అరచేయి నిండింది. ఆయన ఆ నీళ్లను మొక్క మొదట్లో పోసి మళ్లీ పట్టాడు. "వస్తా ఉండాది! వస్తా ఉండాది మే!" అని అమ్మ కొంగు ఊపుతూ అరిచింది. మేస్త్రి తన సంచి సర్దుకున్నాడు. నేను మాత్రం, ముప్పై తొమ్మిదేళ్ల టీచరమ్మను, చెప్పులు లేని కాళ్లతో ఆ రాళ్ల మధ్య గెంతాను. గెంతానని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

ఆ ఎండాకాలం మూడు వందల మొక్కల్లో ఒక్కటీ పోలేదు. తుమ్మముళ్ల స్థానంలో తరవాత గాలి పోయే వాల్వులు పెట్టించాం. పందిరంత తొట్టిలో ఇప్పుడు మా బర్రెలు హాయిగా నీళ్లు తాగుతున్నాయి. ఊళ్లో ఇంకో ఇద్దరు తమ గుండురాళ్ల మీద ట్యాంకులు ఎక్కించారు. అడుగున ఇసుక పోయమని నాయనే వెళ్లి చెప్పొచ్చాడు.

పందెం సంగతి ఎత్తితే మాత్రం తప్పించుకునేవాడు. "బతికితే సాలా? కాయ కాయనీ, వస్తా," అనేవాడు. మొదటి ఏడు పూత వస్తే గిల్లేయించాడు, మొక్క బలపడాలని. రెండో ఏడు కూడా గిల్లేయించాడు. ఓటమి ఒప్పుకోవడం ఇష్టం లేక పూత గిల్లుతున్నాడని నేను అమ్మతో అన్నాను. మూడో ఏడు వదిలాడు.

తొలి కాయలు అమ్మ తిరుచానూరు అమ్మవారికి తీసుకెళ్లింది. మరుసటి వారమే, సెలవులివ్వడానికి ముందు, నేను తొమ్మిదో తరగతికి పునశ్చరణ చెబుతుంటే గుమ్మంలో తెల్ల పంచె కనిపించింది. ఒక చేతిలో గోతం, ఇంకో చేతిలో మేస్త్రి దగ్గర అడిగి తెచ్చిన మట్టం ట్యూబు. ఆయన ఎవరినీ అడగకుండా వెనక బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు. మోకాళ్లు పట్టక అడ్డంగా తిరిగాడు.

నేను పీడనం పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ట్యూబు ఒక కొస నేను పట్టుకున్నాను, ఇంకో కొస ఆయన పట్టుకున్నాడు. నడుమ నలభై మంది పిల్లలు మెడలు తిప్పి తిప్పి చూశారు. మూడు రాళ్ల కథ ఆయనే లేచి చెప్పాడు, నా తప్పు ఎక్కడా తగ్గించకుండా. పిల్లలు బల్లలు కొట్టి నవ్వారు.

ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి అడిగింది. "తాతా, పందెంలో ఓడిపోయినావు గదా, నీకు బాధ లేదా?"

"నేను యాడ ఓడిపోయినా? సేను గెలిసింది, సేను నాది. కూతురు గెలిసింది, కూతురు నాది," అన్నాడు ఆయన. గోతం విప్పి తలా ఒక పండు పంచాడు. అందరికీ అయ్యాక తువ్వాలు మడతలోంచి ఇంకొకటి తీశాడు. నిండుగా, పసుపుగా, తొడిమ దగ్గర ఇంకా జీడి మచ్చతో ఉంది.

"ఇది కడా సెట్టుది పాపా. ఒక్కటే కాసింది. అమ్మవారికి కూడా ఈలేదు."

సుద్ద అంటిన చేతులు కడుక్కోకుండానే ఆ పండు అక్కడే, పిల్లలందరి ముందూ, టెంక దాకా తిన్నాను.